ఆ తొర్ర చెట్టు జోలికి పోకండి: కోతలు మొదలయ్యే ముందు జాగ్రత్తలు

పోయిన వారం అడవిలో ఒక చెట్ల కోత చూసొచ్చాను. గట్టి కలప అడవి, ఏరి కొట్టే చెట్లకే పెయింట్ వేశారు, అంతవరకు పద్ధతిగానే ఉంది. ఎలాగూ రంపం తెచ్చాం కదా అని పనిలో పనిగా పక్కనున్న తొర్ర చెట్టునీ పడేశారు. మాను పగిలి, రాలిన చెక్కపొడిలో రెండు గుడ్లగూబ పిల్లలు. ఒకటి కదలడం లేదు.

హెల్మెట్ సంగతి మీకు తెలుసు, వదిలేస్తున్నా. ఎక్కువమంది చేసే తప్పు ఇదే: కలపకు పనికిరాదు కదా అని కొట్టేయడం. గుడ్లగూబ పట్టేంత తొర్ర పడాలంటే కొమ్మ విరగాలి, ఆ గాయంలోంచి కుళ్లు చేవదాకా దిగాలి, దశాబ్దాలు పడుతుంది. వడ్రంగిపిట్ట తొలిచి వదిలేసిన గూట్లో తర్వాత ఉడతలు, గబ్బిలాలు చేరతాయి, సొంతంగా తొలుచుకోవడం వాటివల్ల కాదు. ఆ చెట్టు పోయాక పది మొక్కలు నాటి ఏం లాభం?

మార్కింగ్‌కి ఆకు రాలిన రోజుల్లో తిరగండి, తొర్రలు పైదాకా కనిపిస్తాయి. ఉంచాల్సినవాటికి వేరే రంగు వేయండి. కొట్టాల్సినదానికి నేల దగ్గర కూడా ఒక గీత పెట్టండి, రేపు రంగు లేని మొదలు కనిపిస్తే అడగడానికి ఆధారం ఉంటుంది. లావు చెట్లన్నీ ఒకేచోట కొట్టొద్దు, పైన పెద్ద ఖాళీ పడితే కింద ముళ్లతీగలు కమ్మేసి మొలకల్ని లేవనివ్వవు.

ఎండి నిలబడ్డ మానులు ఉంచండి, కానీ వాటి కింద పని పెట్టొద్దు, కొమ్మ ఎప్పుడు ఊడిపడుతుందో తెలీదు. అవసరమైతే దారినే పక్కకు జరపండి, చెట్టును కాదు. చెట్టుకీ చెట్టుకీ అల్లుకున్న తీగల్ని నెలల ముందే కోయించండి, లేదంటే పడేది పక్కదాన్నీ లాక్కుపోతుంది. నేల తడిగా ఉంటే ట్రాక్టర్ దింపొద్దు, మొదటి కొన్ని ట్రిప్పులకే మట్టి అణిగిపోతుంది. కొట్టిన దుంగలు లాగే దారి ఒక్కటే ఉంచండి. పాత దుంగలు కదపొద్దు. వాగు గట్టు వదిలేయండి. గూళ్ల కాలంలో రంపం ఆపండి. తొర్ర చెట్టు కొట్టొద్దు. చెట్టు మొదట్లో నేలమీద బొచ్చూ ఎముకలూ కలిసిన ఉండలు కనిపిస్తే పైన గుడ్లగూబ ఉన్నట్టే. ఏమీ కనిపించకపోయినా, కూలీలు "ఖాళీగానే ఉంది సార్" అన్నా కొట్టొద్దు.