ఇంట్లో స్విమ్మింగ్ పూల్ పచ్చబడిందా? నీళ్లు తోడకుండా బ్లీచ్‌తో నాచు వదిలించడం ఎలా?

మే నెలలో ఓ పది రోజులు పెళ్లికని ఊరెళ్లి వస్తే చాలు, పూల్ కాస్తా చెరువైపోతుంది. విజయవాడ పక్కన పోరంకిలో మా బావగారింట్లో అదే జరిగింది. కరెంటు బిల్లు కలిసొస్తుందని పూల్ నీళ్లను తిప్పే మోటారు ఆపేసి వెళ్లారు. తిరిగొచ్చేసరికి కరివేపాకు నూరి కలిపినట్టున్నాయి నీళ్లు. మెట్టు మీద కాలు పెడితే సర్రున జారింది. చూసిన ప్రతివాళ్లదీ ఒకటే మాట: "మొత్తం తోడేసి కడిగి నింపండి."

తోడకండి. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతున్న పూల్‌లో దాదాపు 22,600 లీటర్లుంటాయి. ట్యాంకర్ల ఖర్చు సంగతి అలా ఉంచితే, కృష్ణ ఒడ్డున ఉన్న మనకు ఇంకో చిక్కుంది. వానల్లో, కాలువలు నిండుగా పారే రోజుల్లో భూమిలో నీరు బాగా పైకి వస్తుంది. తొట్టి ఖాళీగా కనబడితే ఆ నీరు కింది నుంచి నెడుతుంది. ఫైబర్ తొట్టి అయితే ఏకంగా పైకి లేస్తుంది, సిమెంటుది పగులుతుంది. బ్లీచ్ ఉండగా ఇంత తిప్పలు అక్కర్లేదు. కాకపోతే ఒకసారి పోసి చేతులు దులుపుకుంటే నాచు చావదు. మూడు నాలుగు రోజులు క్లోరిన్ తగ్గకుండా కాపలా కాయాలి.

షాపులో ఏమని అడగాలి?

"సోడియం హైపోక్లోరైట్" అని బ్లీచ్ పూర్తి పేరుతో అడగండి. 2020లో కరోనా అప్పుడు వీధుల్లో పిచికారీ చేసింది ఇదే, కాస్త పలచగా. బావగారి పనబ్బాయి షాపుకెళ్లి పొట్టిగా "హైపో" అన్నాడు. పటికబెల్లం పలుకుల్లాంటివి సంచీలో పోసిచ్చారు. అది సోడియం థయోసల్ఫేట్. ఫొటో స్టూడియోల వాళ్లూ, అక్వేరియాల వాళ్లూ హైపో అనేది దాన్నే. దాని పనే నీళ్లలో క్లోరిన్‌ను తీసేయడం! అది పూల్‌లో పడి ఉంటే మేం పోసిన బ్లీచంతా బూడిదలో పోసిన పన్నీరయ్యేది.

క్యాన్ మీద 10 శాతం అని ఉందా, తయారీ తేదీ ఎప్పటిది అన్నవి చూడండి. మన ఎండలకు బ్లీచ్ బలం త్వరగా పడిపోతుంది. షాపు బయట ఎండలో పెట్టిన క్యాన్ వద్దు. బట్టలకు వాడే బ్లీచ్ అయితే సువాసన కలపనిది తీసుకోండి, సాధారణంగా 5 శాతం దగ్గర ఉంటుంది కాబట్టి రెట్టింపు పోయాలి.

పంచాయతీ వాళ్లు బావుల్లో వేసే బ్లీచింగ్ పౌడర్ కూడా పనిచేస్తుంది, అందులో క్లోరిన్ 30 శాతం పైచిలుకు ఉంటుంది. కానీ సున్నం మిగులుతుంది. బోరు నీళ్లు ముందే ఉప్పగా, గట్టిగా ఉన్న ఇళ్లలో నేనైతే దాని జోలికి పోను. తప్పదంటే ప్లాస్టిక్ బకెట్‌లో ముందు నీళ్లు పోసి, అందులో పౌడర్ వేసి కలిపి, మడ్డి దిగాక పైన తేట మాత్రం పోయండి. పౌడర్ మీద నీళ్లు గుమ్మరించకూడదు.

బ్లీచ్ పోయకముందు

జల్లెడ వలతో వేపాకులు, బాదం ఆకులు అన్నీ తీసేయండి. ఉన్న క్లోరిన్‌ను ముందు అవే తినేస్తాయి. తర్వాత పీహెచ్ (నీళ్ల ఆమ్లత్వం ఎంతో చెప్పే అంకె) చూసి 7.2, 7.4 మధ్యకు తేవాలి. 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం నాచును చంపే రూపంలో ఉంటుంది. 8 దాటిందా, పావు వంతు కూడా ఉండదు. "డబ్బాలు డబ్బాలు పోశాం, ఏం లాభం లేదు" అనేవాళ్లలో చాలామంది పొరపాటు ఇక్కడే. పీహెచ్ దించడానికి పూల్ యాసిడ్‌ను మోటారు తిరుగుతుండగా కొద్దికొద్దిగా పోసి, గంటన్నా ఆగి మళ్లీ చూడండి.

బ్లీచ్, యాసిడ్ ఎప్పుడూ ఒకదానికొకటి తగలకూడదు. ఒకే మగ్గు వాడకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వచ్చి ఊపిరి ఆడదు. క్లోరిన్ బిళ్లలున్న డబ్బాలో బ్లీచ్ గానీ, బ్లీచింగ్ పౌడర్ గానీ పడినా ప్రమాదమే, పేలొచ్చు.

ఇక బ్రష్. నాచు మీద జిగురు పొర ఉంటుంది, అది చెదిరితేనే మందు లోపలికి దిగుతుంది. గోడలు అందరూ రుద్దుతారు. నిచ్చెన వెనక, లైటు చుట్టూ, మెట్ల మూలల్లో వదిలేస్తారు. వారం తిరక్కుండా నాచు మళ్లీ మొదలయ్యేది ఆ మూలల్లోంచే. నైలాన్ బ్రష్ చాలు, ఇనప బ్రష్ ఫైబర్‌నూ టైల్స్‌నూ గీరేస్తుంది.

ఎంత పోయాలి, ఎప్పుడు పోయాలి?

లెక్క తేలిక. 10,000 లీటర్ల నీళ్లకు 10 శాతం బ్లీచ్ ఒక లీటరు పోస్తే 10 పీపీఎం (పది లక్షల వంతుల నీళ్లలో 10 వంతులు) క్లోరిన్ వస్తుంది. లేత పచ్చకు అంతే చాలు. అడుగు కనబడనంత చిక్కగా ఉంటే 20 పీపీఎం. అంటే బావగారి పూల్‌కు నాలుగున్నర లీటర్లు.

పొద్దు గుంకాకే పోయండి. స్టెబిలైజర్ (ఎండకు క్లోరిన్ పోకుండా కాపాడే మందు) లేని నీళ్లలో మిట్టమధ్యాహ్నపు ఎండ గంటలో సగం పైనే క్లోరిన్‌ను లాగేస్తుంది. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకుని, క్యాన్‌ను నీటికి దగ్గరగా వంచి, నీళ్లు లోపలికి వచ్చే గొట్టం దగ్గర మొదలుపెట్టి చుట్టూ నడుస్తూ సన్నధారగా పోయాలి. పాత బట్టలు కట్టుకోండి. నా నీలం లుంగీ మీద ఇప్పటికీ తెల్ల మచ్చలున్నాయి.

మోటారు రాత్రింబవళ్లు తిరగాలి. ఫిల్టర్ మీది ప్రెషర్ గేజ్ మామూలు కంటే 8, 10 పీఎస్ఐ పెరిగితే బ్యాక్‌వాష్ కొట్టండి, అంటే ఫిల్టర్‌లో నీళ్లను వెనక్కి తిప్పి మురికిని బయటికి పంపండి. ఆ నీళ్లు మొక్కలకు, పక్క కాలువలోకి వదలొద్దు.

తెల్లారాక

పచ్చ పోయి, బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా కనబడుతుంది. పాడైందని టెన్షన్ పడకండి, అది చచ్చిన నాచు. బ్రష్ కొట్టి, క్లోరిన్ ఎంత తగ్గిందో చూసి, సాయంత్రం తగ్గినంత మళ్లీ పోయండి. క్లోరిన్ మరీ ఎక్కువున్నప్పుడు టెస్ట్ కిట్‌లో రంగు వచ్చినట్టే వచ్చి పోతుంది, అసలు లేదేమో అనిపిస్తుంది. ఒక వంతు పూల్ నీళ్లకు నాలుగు వంతులు ఆర్వో నీళ్లు కలిపి చూసి, వచ్చిన అంకెను 5తో హెచ్చవేయండి.

అయిపోయిందని ఎలా తెలుస్తుంది? రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, తెల్లారి ఎండ పడకముందు ఒకసారి కొలవండి. తేడా 1 పీపీఎం లోపు ఉంటే తినడానికి లోపల నాచు మిగల్లేదన్నమాట.

తెలుపు వదలకపోతే మన పటికే. వరద రోజుల్లో బురద నీళ్ల బిందెలో పటిక తిప్పేవాళ్లు చూడండి, అదే పద్ధతి. 20,000 లీటర్లకు కిలో చొప్పున నీళ్లలో కరిగించి పోసి, ఒక గంట మోటారు తిప్పి, రాత్రంతా ఆపేయండి. పొద్దున అడుగున చేరిన మడ్డిని ఫిల్టర్‌లోకి పోనీయకుండా వ్యాక్యూమ్‌తో నేరుగా బయటికి లాగేయాలి. పటిక పీహెచ్‌ను దించుతుంది కాబట్టి అదొకసారి చూసుకోండి.

ఎన్నాళ్లు పోసినా పచ్చ తగ్గకపోతే క్లోరిన్ బిళ్లల్ని అనుమానించండి. ఏళ్ల తరబడి వాడితే వాటిలోని స్టెబిలైజర్ పేరుకుపోయి క్లోరిన్‌ను పనిచేయనివ్వదు. అప్పుడు మాత్రం కొంత నీరు మార్చాల్సిందే. మిర్చి తోటలకు బోర్డో మిశ్రమం కొట్టే గుంటూరు చుట్టమొకాయన "మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేస్తే పోలా?" అన్నారు. నాచు పోతుంది, గోడల మీద రాగి మరకలు మిగులుతాయి.

అడుగున జాలీ స్పష్టంగా కనబడి, క్లోరిన్ 3 పీపీఎంకు దిగేదాకా పిల్లల్ని దింపకండి. మబ్బు నీళ్లలో మునిగిన మనిషి పైకి కనబడడు. ఐదో రోజు పొద్దున బావగారు లోతు వైపు రూపాయి బిళ్ల విసిరి, బొమ్మా బొరుసా అన్నది గట్టు మీద నుంచే చెప్పారు. ఆ మధ్యాహ్నమే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మోటారుకు టైమర్ పెట్టించారు.