ఆటిజం ఉన్న చిన్నపిల్లలకు తరగతి గదిని అమర్చే విధానం

అనంతపురం జిల్లాలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో గానీ అంగన్‌వాడీల్లో గానీ ఆటిజం ఉన్న నాలుగైదేళ్ల బిడ్డను "చెప్పిన మాట వినడం లేదు" అని అనుకోవడం చాలాసార్లు అన్యాయమే అవుతుంది. ఇప్పుడు ఏం చేయాలో, తర్వాత ఏం జరుగుతుందో నోటిమాటగా చెబితే అందక కలవరపడే బిడ్డ, అదే సంగతి కంటికి కనబడితే కుదుటపడుతుంది. అమెరికాలో ఎరిక్ షోప్లర్ బృందం రూపొందించగా, 1972లో నార్త్ కరోలినా రాష్ట్రమంతటా మొదలైన టీచ్ (TEACCH) పద్ధతికి ఆధారం ఇదే.

ముందుగా గదిలో ఒక్కో పనికి ఒక్కో చోటు కేటాయించాలి. పని బల్లను ఖాళీ గోడకు ఎదురుగా వేసి, ఆటకు వేరే చాప పరచాలి.

తర్వాత ఆ రోజు పనులను బొమ్మల రూపంలో వరుసగా అతికించాలి. బొమ్మ ఇంకా అర్థం కాని బిడ్డకు వస్తువే చూపించాలి: అన్నానికి గిన్నె, బయటి ఆటకు బంతి. వాన వల్ల ఆట మానేయవలసి వస్తే, బిడ్డ చూస్తుండగానే ముందుగా ఆ గుర్తును మార్చాలి.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పని బుట్టలపై పెట్టాలి. ఏ పని, ఎంత పని, ఎప్పుడు ముగుస్తుంది, ఆ తర్వాత ఏమిటి అనే నాలుగింటికీ బల్లే జవాబు చెప్పాలి. ఎడమవైపు రెండు మూడు బుట్టలు, కుడివైపు 'అయిపోయింది' పెట్టె ఉంచాలి. ఒక బుట్టలో ఐదు వేరుశనగ కాయలు, ఐదు చింతగింజలు, రెండు గిన్నెలు పెట్టి, ఏ గిన్నెలో ఏది వేయాలో తెలిసేలా ఒక గిన్నె అడుగున ఒక కాయను, ఇంకోదాని అడుగున ఒక గింజను అంటిస్తే, వివరించే అవసరమే ఉండదు. వస్తువులను నోట్లో పెట్టుకునే పిల్లలకు గింజలు ఇవ్వనే కూడదు. చెంచాలు, గ్లాసులు వేరుచేయించడం మేలు. కొత్త పనిని టీచరు పక్కన కూర్చుని నేర్పి, చేతి సాయం క్రమంగా తగ్గించి, బాగా వచ్చాకే ఈ బల్లపైకి తేవాలి. చివరి బుట్ట ముగియగానే బిడ్డకు ఇష్టమైనది తప్పక దొరకాలి. ఈ మాట ఒక్కసారి తప్పినా నమ్మకం దెబ్బతింటుంది.

మాటలు తగ్గించి, "ముందు పని, తర్వాత ఊయల" అంటే చాలు. ఇవే గుర్తులను తల్లికీ అవ్వకూ చూపించి, స్నానం, భోజనం, నిద్ర వరకైనా ఇంట్లోనూ వాడమని కోరాలి.