క్రిమినల్ జస్టిస్ మాస్టర్స్: థీసిస్ రాయాలా, కోర్సులతో ముగించాలా?

అమెరికా విశ్వవిద్యాలయాల్లో క్రిమినల్ జస్టిస్ మాస్టర్స్ డిగ్రీకి సాధారణంగా 30 నుంచి 36 క్రెడిట్లు పూర్తి చేయాలి. థీసిస్ ఎంచుకున్నవారికి వాటిలో చాలాచోట్ల 6 క్రెడిట్లు పరిశోధనకే పోతాయి. ఎంచుకోనివారు వాటి బదులు మరికొన్ని కోర్సులు చదివి, విశ్వవిద్యాలయాన్ని బట్టి సమగ్ర పరీక్ష రాయడమో, క్యాప్‌స్టోన్ ప్రాజెక్టు (చదివినదాన్ని ఒక ఆచరణాత్మక సమస్యకు అన్వయించే చివరి ప్రాజెక్టు) సమర్పించడమో చేస్తారు. చేతికి వచ్చే పట్టా మాత్రం సాధారణంగా ఒకటే.

పీహెచ్‌డీ చేయాలన్నా, పరిశోధన సంస్థల్లో పనిచేయాలన్నా థీసిస్ వైపే మొగ్గడం మంచిది, ఎందుకంటే ఒక ప్రశ్నను మొదటి నుంచి చివరి దాకా స్వయంగా నడిపించారనడానికి అదే రుజువు. ఇప్పటికే పోలీసు, ప్రొబేషన్ (నేరస్థులను జైలుకు బదులు బయటే పర్యవేక్షణలో ఉంచే విభాగం) లేదా జైళ్ల శాఖలో ఉద్యోగం చేస్తూ పదోన్నతి కోసం చదివేవారికి కోర్సుల మార్గం చాలు. వారు థీసిస్ రాయకపోవడం లోటేమీ కాదు.

థీసిస్ అనుకున్నవారు ముందుగా ఆలోచించవలసింది అంశం గురించి కాదు, సమాచారం ఎక్కడ దొరుకుతుందన్న దాని గురించి. ఖైదీలను ఇంటర్వ్యూ చేయాలన్న ఉత్సాహం చాలామందికి ఉంటుంది, కానీ ఫెడరల్ నిబంధనలు ఖైదీలకు ప్రత్యేక రక్షణ కల్పించాయి; అటువంటి ప్రతిపాదనను పరిశీలించే నైతిక సమీక్షా మండలిలో ఒక ఖైదీ గానీ, ఖైదీల తరఫు ప్రతినిధి గానీ సభ్యులుగా ఉండాలి. దానికి తోడు జైలు అధికారుల అనుమతీ కావాలి. ఈ నిరీక్షణలోనే ఒక సెమిస్టరు కరిగిపోవచ్చు. అందువల్ల మిషిగన్ విశ్వవిద్యాలయంలోని నేర న్యాయ గణాంకాల భాండాగారం నుంచి జాతీయ నేరబాధితుల సర్వే వంటి సిద్ధంగా ఉన్న దత్తాంశాన్ని తీసుకుని విశ్లేషించడం, రెండేళ్ల గడువులో ముగించాలనుకునేవారికి తెలివైన పని. ఎఫ్‌బీఐ గణాంకాలతో సంవత్సరాలను పోల్చేవారు మాత్రం ఒక చిక్కు గమనించాలి: 2021లో సేకరణ పద్ధతి మారినప్పుడు అనేక పోలీసు శాఖలు వివరాలు పంపలేదు కనుక, ఆ ఏడాది అంకెలను ముందటి వాటి పక్కన నేరుగా పెట్టకూడదు.

మార్గదర్శకుని సంగతీ ఇంతే ముఖ్యం. మీకు నచ్చిన ఆచార్యులు సబాటికల్ (బోధన నుంచి దీర్ఘకాల సెలవు) మీద వెళ్తున్నారేమో, ఇప్పటికే ఎంతమందికి మార్గదర్శనం చేస్తున్నారో మొదటి సెమిస్టరులోనే అడిగి తెలుసుకోండి. మధ్యలో కోర్సుల మార్గానికి మారితే అప్పటికి పూర్తయిన థీసిస్ క్రెడిట్లు లెక్కలోకి వస్తాయా అన్నది కూడా విభాగ కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.