ఇత్తడిని కాల్చే ముందు బెజ్జం ఉందో లేదో చూడండి

కార్తీకం దగ్గరపడుతుంటే విశాఖలో అటకల మీది ఇత్తడి సామాను కిందికి దిగుతుంది. సొట్టపడ్డ సెమ్మెలు, అంచు వంగిన కుందులు, వంకరపోయిన చెంబులు. చిన్న గ్యాస్ టార్చ్ ఇప్పుడు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతోంది కాబట్టి, వీడియో చూసి ఇంట్లోనే ఇత్తడిని కాల్చి, మెత్తబరిచి, సొట్టలు తీసేద్దామనుకునేవాళ్లు ఎక్కువయ్యారు. ఈ మధ్య కంచరపాలెం వైపు ఒక కుర్రాడు అలాగే సెమ్మె కాండాన్ని వేడి చేస్తుంటే అది పేలింది. ఎగిరొచ్చిన ముక్క చెంప చీల్చుకుంటూ పోయింది, కన్ను అదృష్టం కొద్దీ తప్పింది. కింది వాటావాళ్లు సిలిండర్ పేలిందనుకుని పైకి పరుగెత్తారట.

కళ్లద్దాలు పెట్టుకోవాలని, పిల్లల్ని దూరంగా ఉంచాలని మీకు నేను చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఇది: లోపల బోలుగా ఉండి, అన్ని వైపులా మూసుకుపోయిన ఇత్తడిని మంట మీద పెట్టకండి.

సెమ్మె కాండం, విగ్రహం పీఠం, గంట పిడి చూడ్డానికి గట్టిగానే ఉంటాయి, లోపల చాలావాటికి డొల్ల. కొన్నింటిలో బరువు కోసం లక్కో మైనమో ఇసుకో కూరి ఉంటారు. ఏళ్ల తరబడి చింతపండుతో తోమి కడిగిన నీళ్లు అతుకు సందుల్లోంచి లోపలికి చేరి ఉంటాయి. లోపల ఉన్నది ఉత్త గాలే అయినా 600 డిగ్రీల దగ్గర ఒత్తిడి దాదాపు మూడింతలవుతుంది. నీటి చుక్క ఉంటే ఇక చెప్పక్కర్లేదు, ఆవిరి కావడానికి దానికి సుమారు 1,600 రెట్లు చోటు కావాలి. సరిగ్గా అప్పుడే చుట్టూ ఉన్న ఇత్తడి బలం కోల్పోతుంది. మెత్తబడాలనే కదా కాలుస్తున్నాం!

చెంచాతో కొట్టి వినండి. చెవి దగ్గర పెట్టి ఊపండి. సెమ్మెలు చాలావరకు ముక్కలుగా చేసి మరలతో బిగించినవే, విప్పి ఒక్కో ముక్కా విడిగా చూడండి. విప్పలేకపోతే కనిపించని చోట, అడుగున, 3 మిల్లీమీటర్ల బెజ్జం వేయండి. డ్రిల్లుకు మైనమో లక్కో అంటుకొస్తే ఆ పని అక్కడితో ఆపేయండి. తాతల నాటి వస్తువుకు బెజ్జం వేయడానికి చేతులు రావంటారా, అయితే సొట్టతోనే ఉంచుకోండి.

నేవీ ఉన్న ఊరు కాబట్టి ఇంకో మాట. పాత సామాన్లలో అప్పుడప్పుడు తూటా కేసులు, అంటే తూటా మందు నింపే ఇత్తడి గొట్టాలు, బయటపడతాయి. విదేశాల్లో షూటర్లు ఖాళీ కేసుల మెడ మాత్రం కాల్చి, మళ్లీ మందు నింపి వాడతారు. అడుగు భాగానికి వేడి తగలనివ్వరు, అది మెత్తబడితే పేల్చినప్పుడు మంట, వాయువు వెనక్కి, మనిషి ముఖం మీదికి తన్నుతాయి. ఆ వీడియోలు చూసి ఇక్కడ మొదలుపెట్టకండి. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం. పైగా అడుగున ఉన్న ప్రైమర్, అంటే మందును అంటించే చిన్న టోపీ, కాలనిదైతే వేడికి పేలుతుంది. ఇదీ మూసుకుపోయిన ఇత్తడే. ముట్టుకోకుండా 112కి ఫోన్ చేయండి.

ఇత్తడిని కాల్చడం ఎందుకవసరమో మన వానలే గట్టిగా చూపించాయి. బ్రిటిష్ సైన్యం మన దేశంలో గుర్రపుశాలల దగ్గర దాచిన తూటా కేసులు వానాకాలంలో వాటంతటవే పగిలేవి. సాగదీసి చేసిన ఇత్తడిలో మిగిలిన బిగువు, గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా, తేమ కలిసి చేసిన పని అది. కాలిస్తే ఆ బిగువు పోతుంది. అందుకే కాల్చకుండా సుత్తితో సరిచేసిన వస్తువును అమ్మోనియా ఉన్న క్లీనర్ల పక్కన పెట్టకండి.

ఇక వేడి సంగతి. ఎండలో ఈ పని చేస్తే ఎరుపు కనిపించదు, కనిపించేసరికి మితిమీరి ఉంటుంది. నీడలో చేయండి, ఎరుపు కనిపించీ కనిపించనట్టు ఉండగానే మంట తీసేయండి. ఇత్తడిలో రాగితో పాటు ఉండే జింకు 907 డిగ్రీలకు మరుగుతుంది, తెల్ల పొగ మొదలైందంటే జింకు పోతోందనే అర్థం. అది పీలిస్తే కొన్ని గంటల తర్వాత, రాత్రికి, చలి జ్వరం. చాలామంది వైరల్ అనుకుని పడుకుంటారు. డాక్టర్‌కి పొగ సంగతి చెప్పండి. పాలు తాగితే విరుగుతుందన్నది ఉత్తమాట.

సముద్రపు గాలికి మంట నిలవట్లేదని బాత్రూమ్‌లో దూరి తలుపేసుకుంటారు కొందరు. అసలు చేయకండి. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది. 1997 సెప్టెంబరులో మన హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో లీకై అంటుకున్నదీ ఎల్‌పీజీయే. వాసన వస్తే స్విచ్‌లు ముట్టకండి, తలుపులు తెరిచి బయటికొచ్చి గ్యాస్ లీకుల హెల్ప్‌లైన్ 1906కి ఫోన్ చేయండి.

వంటింటి సిలిండర్‌కి టార్చ్ తగిలించకండి.
పాలిష్, పెయింట్, వార్నిష్ ముందే తీసేయండి.
వెండి కలిపి వేసిన పాత అతుకుల్లో కాడ్మియం ఉండొచ్చు, దాని పొగ ప్రాణం తీస్తుంది. ఏ అతుకో తెలియకపోతే మంట పెట్టకండి.
గ్రానైట్ గట్టు మీద వద్దు, సిమెంటు నేల మీద వద్దు. పొడి ఫైర్ బ్రిక్ (మంటకు తట్టుకునే ఇటుక) మీద పెట్టండి.
తడి ఇటుక అసలే వద్దు.
నైలాన్ చీర, పాలిస్టర్ చొక్కా వద్దు. నూలు బట్టలే.
ఎరుపు పోయిన ఇత్తడి చల్లబడ్డట్టు కనిపిస్తుంది. చేత్తో ముట్టకండి, పట్టకారు వాడండి.
ఎర్రగా ఉండగా సుత్తి వేయకండి. సీసం కలిసిన పాత పోత ఇత్తడైతే ముక్కలవుతుంది.
యాసిడ్‌తో తోమకండి, చింతపండు చాలు.
బోలుగా ఉందా, మూసుకుపోయిందా? మళ్లీ చూడండి.
ఒంటరిగా చేయకండి.
కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టండి. పేస్ట్, సిరా, పసుపు రాయకండి.
కంట్లో ముక్క పడితే నలపకండి, లాగకండి. అలాగే కంటి ఆసుపత్రికి వెళ్లండి.