పారిశుద్ధ్య కార్మికులపై కుల వివక్ష: కాలనీవాసులు కార్పొరేషన్‌ను జవాబు అడగడం ఎలా?

మీ వీధి ఊడ్చే మనిషిని పనిచోట కులం పేరుతో అవమానించారని మీకు తెలిసింది. కాలనీ వాట్సాప్ గ్రూపులో నలుగురు మండిపడ్డారు. ఎవరో ఒకరు అర్జీ టైపు చేశారు: "మా వార్డులో పారిశుద్ధ్య కార్మికుల పట్ల వివక్ష చూపుతున్నారు. కావున తగు చర్యలు తీసుకోగలరు." ముప్పై మంది సంతకాలు పెట్టారు. నెల తిరగకముందే "విచారించి తగు చర్యలు తీసుకోవడమైనది" అని ఫోనుకు సందేశం వచ్చింది. అర్జీ మూసేశారు.

విశాఖపట్నంలో పదకొండేళ్లుగా ఇలాంటి అర్జీల పని చేస్తున్నాను. ఇలా బుట్టదాఖలైన అర్జీలు ఎన్నో చూశాను. వాటిని ముంచింది ప్రతిసారీ ఆ ఒక్క వాక్యమే. ఎవరు అన్నారు, ఎప్పుడు, ఎక్కడ, ఏ మాట అన్నారు, ఎవరు జవాబుదారీ అనేవి లేని అర్జీకి ఎంత మంచి అధికారి అయినా అంతకు మించి రాయలేడు. కాబట్టి ఈ పని ఎలా చేయాలో చెబుతాను.

కావలసినవి

తెల్ల కాగితాలు, నీలం సిరా పెన్ను, గట్టి అట్ట ఉన్న నోటు పుస్తకం, పది రూపాయల పోస్టల్ ఆర్డరు, ముగ్గురు మనుషులు. ముగ్గురికి మించవద్దు. అర్జీ చేత్తోనే రాయాలి, తెలుగులోనే రాయాలి, ఒక పేజీ దాటకూడదు. అపార్ట్‌మెంట్ సంఘం లెటర్‌హెడ్ వాడకండి. దాన్ని చూడగానే చెత్తబండి రాలేదన్న ఫిర్యాదు అనుకుని అదే కట్టలో పెట్టేస్తారు.

ఇంకొకటి కూడా కావాలి. మీ అపార్ట్‌మెంట్‌లో ప్రహరీ గోడ మీదో, వాచ్‌మన్ గది కిటికీలోనో పనివాళ్లకోసం విడిగా పెట్టిన గ్లాసు ఉందేమో చూడండి. ఉంటే ఈరోజే తీసేయండి. ఆ గ్లాసును అక్కడే ఉంచి కార్పొరేషన్‌ను నిలదీయడానికి వెళ్లే హక్కు మనకు లేదు.

ఎవరిని అడగాలో తేల్చుకోండి

ఇది తేలికే. పొద్దున్నే కార్మికులు పోగయ్యే మస్టర్ దగ్గర హాజరు వేసే మేస్త్రి, ఆ పైన శానిటరీ ఇన్‌స్పెక్టర్, జోనల్ కమిషనర్, ప్రజారోగ్య విభాగానికి ప్రధాన వైద్యాధికారి, అందరి మీద కమిషనర్. అర్జీ కమిషనర్ పేరిటే ఉండాలి. కార్పొరేటర్లు ప్రశ్నించగలరు, కౌన్సిల్‌లో లేవనెత్తగలరు, కానీ ఆదేశం ఇచ్చే అధికారం కమిషనర్‌దే.

మొదటి జవాబు ఎలా వస్తుందో ఇప్పుడే చెబుతాను: "వాళ్లు మా ఉద్యోగులు కారు, అవుట్‌సోర్సింగ్ వాళ్లు." రాష్ట్రంలో అవుట్‌సోర్సింగ్ కార్మికుల జీతాలు 2020 నుంచి ఆప్కాస్ అనే ప్రభుత్వ అవుట్‌సోర్సింగ్ సంస్థ ద్వారా వస్తున్న మాట నిజమే. కానీ ఆ కార్మికురాలు ఊడ్చేది నగరపాలక సంస్థ వీధి. హాజరు, పని పంపకం నగరపాలక సంస్థ మనుషుల చేతుల్లో ఉంటాయి. పని చేయించుకునే సంస్థను కార్మిక చట్టం ప్రధాన యజమాని అంటుంది. ఆ మాటను అర్జీ మొదటి పేరాలోనే రాయండి. ఆ తర్వాత "మాకు సంబంధం లేదు" అనడం అంత సులువు కాదు.

ఈ నగరంలో ఈ పని ఎవరి మీద పడిందో కూడా తెలుసుకుని వెళ్లండి. తరతరాలుగా విశాఖ వీధులు ఊడ్చినవారిలో, పాకీ పని మోసినవారిలో రెల్లి కులస్థులే ఎక్కువ. పాత పట్నంలోని రెల్లివీధి పేరు వినని వారు ఇక్కడ ఉండరు. "వాళ్లకు అలవాటేగా" అని ఏ అధికారి అయినా అంటే, కులాన్ని బట్టి పని అంటగట్టడమే మనం అడుగుతున్న విషయమని నెమ్మదిగా, స్పష్టంగా చెప్పండి. అంటరానితనం పేరిట ఒకరి చేత బలవంతంగా ఊడ్పు పని, పాకీ పని చేయించడం 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం కిందే నేరం.

ఆమెతో కూర్చుని, జరిగింది రాసుకోండి

అందరూ తప్పు చేసేది ఇక్కడే. నేనూ చేశాను.

కొన్నేళ్ల క్రితం ఒక మస్టర్ దగ్గర ఒక కార్మికురాలిని మేస్త్రి నలుగురిలో అవమానించాడు. నాకు కోపం ఆగలేదు. ఆ సాయంత్రమే అర్జీ రాసి, నలభై సంతకాలు తీసుకుని, ఆమె పేరుతో సహా ఇచ్చేశాను. వారం గడవకముందే ఆమెను నగరానికి అటు చివరి వార్డుకు మార్చారు. తెల్లవారుజామున నాలుగింటికి అక్కడికి వెళ్లే బస్సు లేదు. కొడుకు సైకిల్ మీద దింపి వచ్చేవాడు. అర్జీలో రాసిందంతా నిజమే. కానీ ఆమెను అడగకుండా రాశాను. ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు. అది ఆమె హక్కు.

అందుకని మొట్టమొదట అనుమతి. అదీ ఒకసారి అడిగి సరిపెట్టుకునేది కాదు. మాట్లాడే ముందు, రాసేటప్పుడు, ఇచ్చే రోజు పొద్దున, మూడుసార్లు అడగాలి. మూడోసారి "వద్దమ్మా" అంటే ఆ కాగితం ఆమె చేతికే ఇచ్చేయండి. "ఇంత కష్టపడ్డాం కదా" అన్న మాట మీ నోట రాకూడదు. ఆమె వద్దన్నా మీరు చేయవలసిన పని మిగిలే ఉంటుంది, దాని గురించి తర్వాత చెబుతాను.

మస్టర్ దగ్గర మాట్లాడవద్దు. మీ గేటు దగ్గర నిలబెట్టి అసలే వద్దు. ఆమె పని ముగించుకుని, స్నానం చేసి, అన్నం తిన్నాక, ఆమె ఇంట్లో. సంఘం అధ్యక్షుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లకండి. ఆమె చాప వేస్తే చాప మీదే కూర్చోండి. టీ ఇస్తే తాగండి. ఆ ఇంట్లో గ్లాసు అందుకోవడానికి తటపటాయించేవారు ఆమె మాట రాయడానికి పనికిరారు.

"మిమ్మల్ని వివక్షగా చూశారా?" అని అడగకండి. ఆ ప్రశ్నకు "అందరూ బాగానే చూస్తారు" అనే జవాబే వస్తుంది. నిత్యం జరిగేవి అడగండి. నిన్న మంచినీళ్లు ఎక్కడ తాగారు? టిఫిన్ ఎక్కడ కూర్చుని తిన్నారు? కాలువలోకి ఎవరిని దించారు? మెయిన్ రోడ్డు ఊడ్పు ఎవరికి ఇచ్చారు? ఒకామె నా ఈ మొదటి ప్రశ్నకు నోటితో జవాబు చెప్పలేదు. రెండు చేతులూ దోసిలి పట్టి గడ్డం కింద పెట్టుకుంది. అవతలివారు సీసాను జానెడు ఎత్తులో పట్టుకుని పోస్తారట. దోసిట్లో సగమే నిలుస్తుంది, మిగతాది మోచేతుల మీదుగా కారి కోటు చేతులు తడిసిపోతాయి. ఆ సీసాతోనే మిగిలిన వాళ్లు నోరు పెట్టి తాగుతారు. నేను ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాశాను. "నీరు ఇచ్చుటలో వివక్ష" అని రాసి ఉంటే విచారణలో ఎవరూ రెండో ప్రశ్న వేసేవారు కాదు.

తిట్టు ఉంటే తిట్టును అలాగే రాయండి. మీకు సిగ్గు అనిపించినా రాయండి. "అసభ్య పదజాలంతో దూషించినారు" అన్న వాక్యం నేరస్థుణ్ణే కాపాడుతుంది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో, 2016 జనవరి నుంచి అమలులో ఉన్న సవరణ ప్రకారం, ఎస్సీ, ఎస్టీలు కాని వ్యక్తి వారిని నలుగురికీ కనిపించే చోట కులం పేరుతో దూషిస్తే సెక్షన్ 3(1)(ఎస్), అవమానించాలనే ఉద్దేశంతో కించపరిస్తే 3(1)(ఆర్) వర్తిస్తాయి. రెండింటికీ ప్రాణం ఆ "నలుగురికీ కనిపించే చోట" అన్న షరతే. ఉత్తరాఖండ్ నుంచి వచ్చిన ఒక కేసులో, ఇంటి నాలుగు గోడల మధ్య, బయటివారు ఎవరూ లేని చోట అన్న మాటకు ఈ సెక్షన్ చెల్లదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. అందుకే చోటు, సమయం, అప్పుడు అక్కడ ఎవరున్నారు అనే మూడూ ఉండాలి. టీ బండి పక్కనా? షెడ్డు లోపలా? రోడ్డు మీదా? విన్నవారి పేర్లు రాసే ముందు వారి అనుమతీ అడగండి. వారూ అదే మేస్త్రి కింద పని చేస్తున్నవారే.

చాలాసార్లు కులం పేరు ఎవరూ ఎత్తరు. పని పంచడంలోనే అంతా జరిగిపోతుంది. అప్పుడు లేని తిట్టును కల్పించి రాయకండి. ఒక్క అబద్ధం దొరికితే ఆమె చెప్పిన నిజాలన్నీ దానితో పాటే పోతాయి. రెండు వారాల పాటు ఏ రోజు ఎవరు కాలువలో దిగారో, ఎవరు దిగలేదో తేదీలతో రాసుకోండి. పద్నాలుగు రోజుల్లో పద్నాలుగుసార్లూ అవే మూడు ఇళ్లవాళ్లు దిగితే, ఆ పట్టికను మించిన సాక్ష్యం మరొకటి అక్కర్లేదు.

వీడియో తీయవద్దు. ఆడియో కూడా వద్దు. ఫోను సంచిలో పెట్టి, పుస్తకంలోనే రాయండి. వీడియో ఉంటే నమ్ముతారని కుర్రవాళ్లు నాతో వాదిస్తారు. కానీ గడప దాటకముందే అది పది గ్రూపులకు వెళ్లిపోతుంది. ఆమె ముఖం ఊరంతా చూశాక అనుమతి వెనక్కి తీసుకునే దారి ఉండదు.

చివరగా, రాసిందంతా ఆమెకు చదివి వినిపించండి. దిద్దమన్నది దిద్దండి. సంతకమో వేలిముద్రో ఆమె ఇష్టం.

రెండు కాగితాలు, రెండు దారులు

ఆమెకు జరిగిన అవమానం మీద ఫిర్యాదు ఆమెది. నగరపాలక సంస్థ తన కింద పనిచేసేవారిని ఎలా చూస్తోందన్న ప్రశ్న పన్ను కట్టే మనది. ఈ రెండూ ఒకే కాగితం మీద ఉండకూడదు. ఆమె ముందుకు వస్తే మొదటి కాగితం వెళుతుంది. రాకపోయినా రెండోది ఎవరి పేరూ లేకుండా వెళ్లాలి. ఆమె వద్దన్నా మిగిలే పని అని ఇందాక అన్నది దీని గురించే.

మన కాగితంలో నాలుగే ప్రశ్నలు ఉండాలి. ఈ వార్డులో గత మూడు నెలల్లో కాలువ పూడిక పని ఏ పద్ధతిలో పంచారు? కులం పేరుతో అవమానం జరిగితే కార్మికులు ఎవరికి చెప్పుకోవాలి, ఆ అధికారి ఎన్ని రోజుల్లో తేల్చాలి? మస్టర్ దగ్గర అందరికీ ఒకే మంచినీళ్లు, ఒకే విశ్రాంతి గది ఉన్నాయా? ఫిర్యాదు చేసినవారిని బదిలీ చేయబోమని, తొలగించబోమని రాతపూర్వకంగా ఆదేశిస్తారా?

వీటిలో రెండోదే కీలకం. లైంగిక వేధింపుల విషయంలో 2013 చట్టం పనిచోట్ల అంతర్గత కమిటీని తప్పనిసరి చేసింది. కుల వివక్షకు మామూలు పనిచోట్ల అలాంటి తప్పనిసరి ఏర్పాటు లేదు. లేదు కాబట్టే అడగాలి. ముప్పై రోజుల్లో రాతపూర్వక జవాబు కావాలని చివర రాసి, నకలు జిల్లా కలెక్టర్‌కు పంపండి. అత్యాచారాల నిరోధక చట్టం అమలును చూసే జిల్లా నిఘా, పర్యవేక్షణ కమిటీకి కలెక్టరే అధ్యక్షులు. నిబంధనల ప్రకారం ఆ కమిటీ మూడు నెలలకు ఒకసారైనా కూర్చోవాలి.

ఆమె పోలీసులకు చెప్పాలనుకుంటే తోడు వెళ్లండి. కానీ ఆమె తరఫున మీరు మాట్లాడకండి. ఎఫ్ఐఆర్ కట్టడానికి ముందస్తు విచారణ అక్కర్లేదని అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన 2018 సవరణ చెబుతోంది. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి, మన కమిషనరేట్‌లో అంటే ఏసీపీ. ఆమె నోటితో చెప్పింది రాసుకుని, చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోవడం పోలీసుల బాధ్యత. చదవకుండా సంతకం పెట్టమంటే పెట్టవద్దని ముందే చెప్పి తీసుకెళ్లండి.

ఇవ్వడం, వెంటబడటం

సోమవారం ఉదయం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. కలెక్టరేట్‌లోనూ, జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) ప్రధాన కార్యాలయంలోనూ ఉంటుంది. తొమ్మిదింటికల్లా వరుసలో ఉండండి. రసీదు నంబరు లేకుండా వెనక్కి రావద్దు. ఆన్‌లైన్‌లోనే పెట్టేద్దామని చాలామంది అంటారు. ఆన్‌లైన్ అర్జీ తిరిగి తిరిగి ఎవరి మీద ఫిర్యాదో ఆ ఇన్‌స్పెక్టర్ దగ్గరికే వెళ్లడం నేను రెండుసార్లు చూశాను. చేతికి ఇచ్చినప్పుడు కనీసం ఒక పై అధికారి ఆ కాగితం చదివి, మీ ముఖం చూస్తారు.

జీవీఎంసీ దగ్గరి గాంధీ విగ్రహం వద్ద ధర్నా చేద్దామనే వారూ ఉంటారు. అక్కడ జరిగిన కార్మిక సంఘాల ధర్నాలకు నేనూ వెళ్లి కూర్చున్నాను. కానీ ధర్నాకు పిలుపు కార్మికుల నుంచి రావాలి. కాలనీవాళ్లు మొదటి రోజే టెంటు వేస్తే, మర్నాడు మస్టర్ దగ్గర ఆ కోపం వాళ్ల మీద పడుతుంది.

ముప్పై రోజులు దాటితే సమాచార హక్కు దరఖాస్తు. పది రూపాయల పోస్టల్ ఆర్డరు అందుకే. కార్మికుల పేర్లు అడిగితే వ్యక్తిగత సమాచారమని తిరస్కరిస్తారు. అంకెలు అడగండి: మూడేళ్లలో కుల వివక్షపై ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్నింటిపై విచారణ జరిగింది, ఆ నివేదికల నకళ్లు. జవాబుకు ముప్పై రోజుల గడువు. రాకపోతే ఆ పై ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు, అదీ విఫలమైతే తొంభై రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. తేదీలు నోటు పుస్తకం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసుకోండి.

ఈ రోజులన్నింటిలో వారానికి రెండుసార్లైనా తెల్లవారుజామున మస్టర్ వైపు నడిచి వెళ్లండి. ఎవరితోనూ ఏమీ అనవద్దు, ఊరికే కనిపించండి. మీతో మాట్లాడిన ఆమె హాజరులో ఉందా, అదే వీధిలో ఉందా, చూడండి. వరుసగా రెండుసార్లు కనిపించకపోతే ఆ పూటే జోనల్ కమిషనర్‌ను కలిసి రాతపూర్వకంగా అడగండి.

జవాబు వచ్చిన రోజు, అది ఎలాంటిదైనా, ముందుగా ఆమె ఇంటికి తీసుకెళ్లి చదివి వినిపించండి. కాలనీ నోటీసు బోర్డు మీద ఆ తర్వాత పెట్టుకోవచ్చు.