కొత్త సీఎన్‌సీ రౌటర్ వస్తోందా? ఫ్లోరు దగ్గర్నుంచి మొదటి షీటు దాకా ఇలా చేయండి

సీఎన్‌సీ రౌటర్, అంటే కంప్యూటర్ చెప్పినట్టు చెక్క షీట్లు కోసే మిషన్, లారీలో బయల్దేరిందని ఫోన్ రాగానే చాలామంది డిజైన్ ఫైళ్లు సర్దుకోవడం మొదలుపెడతారు. ముందు చూడాల్సింది ఫ్లోరు. ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పేస్తాను, మిషన్ వచ్చిన రోజునే కటింగ్ పెట్టుకోకండి, కనీసం మూడు నాలుగు రోజులు ఏ ఆర్డరూ ఒప్పుకోకండి. ఆ నాలుగు రోజుల్లో వదిలేసిన తేడా తర్వాత మీరు చేసే ప్రతి తలుపులోనూ కనిపిస్తుంది.

ఇక్కడ నేను మాట్లాడేది మాడ్యులర్ కిచెన్లు, వార్డ్‌రోబ్‌లు చేసే మన పనివాళ్లు ఎక్కువగా కొనే 1325 సైజు మిషన్ గురించి, అంటే 1300 బై 2500 మి.మీ. బెడ్ (షీటు పరిచే బల్ల), ఎనిమిది బై నాలుగు అడుగుల షీటు పూర్తిగా పడుతుంది. బరువు టన్ను పైమాటే. హైదరాబాద్‌లో పాత షెడ్లలో చాలావాటికి కింద షాబాద్ బండలే ఉంటాయి, బండ కింద ఎక్కడో ఒకచోట బోలుగా ఉంటుంది. సుత్తితో ఒక్కో బండనూ కొట్టి వినండి, బోలు చప్పుడు వస్తే అక్కడ మిషన్ కాలు పెట్టకూడదు. కాళ్లు వచ్చే చోట బండలు లేపేసి, ఆరు అంగుళాల మందాన కాంక్రీటు పోసి, వారం రోజులైనా తడపండి. అందుకే లారీ రాకముందే కాళ్ల కొలతల డ్రాయింగ్ పంపమని సప్లయర్ వెంట పడాలి.

నగరంలోకి పగలు పెద్ద లారీలను రానివ్వరు కాబట్టి బండి రాత్రో తెల్లవారుజామునో వస్తుంది. హైడ్రా క్రేన్ వాడితో ముందురోజే మాట్లాడుకోండి, మీ గల్లీ మలుపు, షట్టర్ ఎత్తు, పైన వేలాడే కరెంటు తీగలు అతనికి పగటిపూట ఒకసారి చూపించండి. దింపించుకునే ఖర్చు ఎవరిదన్నది ఇన్వాయిస్‌లో లేకపోతే అది మీ నెత్తినే పడుతుంది. సరుకు విలువ యాభై వేలు దాటితే ఈ-వే బిల్లు ఉండాలి, డ్రైవర్ దగ్గర ఉందో లేదో అడగండి.

లారీ మీద ఉండగానే చెక్కపెట్టెకు నాలుగు వైపులా ఫొటోలు తీయండి. పెట్టె ఎక్కడైనా పగిలినా, ఒరిగినా ఎల్‌ఆర్ (లారీ రసీదు) కాపీ మీద ఆ సంగతి రాశాకే సంతకం పెట్టండి, ఇన్సూరెన్స్ వాళ్లు రేపు అడిగేది ఆ రాతనే.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది: మిషన్‌ను పైకి లేపే బెల్టు ఎక్కడ వేస్తున్నారో మీరే దగ్గరుండి చూడాలి. నా మొదటి మిషన్ దింపినప్పుడు తొందరలో బెల్టు గాంట్రీ కింద నుంచి వేశారు. గాంట్రీ అంటే స్పిండిల్‌ను, అంటే కోసే బిట్‌ను తిప్పే మోటారును, మోస్తూ అటూ ఇటూ తిరిగే ఆ అడ్డ దూలం, మిషన్ మొత్తం బరువు మోయడానికి పెట్టింది కాదు. పైకి లేచినప్పుడు చిన్నగా కిర్రుమంది, ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత రెండు వారాల పాటు తలుపులు మూలమట్టానికి రాక తల పట్టుకున్నాం, చివరికి చూస్తే ఒక వైపు గాంట్రీ నడిచే పట్టా (రైలు) బోల్టుల దగ్గర కదిలిపోయి ఉంది. బెల్టు ఎప్పుడూ కింది ఫ్రేముకే వేయాలి, గాంట్రీని రవాణా కోసం కట్టిన క్లాంపులు మిషన్ నేల మీద కూర్చున్నాకే విప్పాలి.

పూజ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కొబ్బరికాయ గుమ్మం దగ్గర కొట్టండి, బెడ్ మీద వద్దు. పసుపు కుంకుమ ఫ్రేముకు పెట్టుకోండి, రైళ్ల మీద మాత్రం పెట్టకండి, ఆ పొడి బేరింగుల్లోకి పోతుంది.

లెవెల్ చూడటానికి మేస్త్రీల రసమట్టం సరిపోదు. మీటరుకు 0.02 మి.మీ. తేడా చూపించే లెవెల్ బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో మిషన్ షాపు నడిపే స్నేహితుడి దగ్గర దొరుకుతుంది, ఒక పూట అడిగి తెచ్చుకోండి. ప్రతి కాలు కింద 10 మి.మీ. ఇనుప ప్లేటు వేసి బోల్టులు సర్దండి. ఆ తర్వాత బెడ్ మెలితిరిగిందేమో చూడటానికి రెండు సన్నటి నైలాన్ దారాలను మూల నుంచి మూలకు బిగించి కట్టండి, నడిమధ్య అవి ఒకదాన్నొకటి ఒత్తుకోకుండా తాకీ తాకనట్టు ఉండాలి. కింద దారాన్ని పైకి, పైదాన్ని కిందికి మార్చి మళ్లీ చూడండి. రెండు సార్లూ అలాగే ఉంటే నాలుగు మూలలూ ఒకే మట్టంలో ఉన్నట్టు.

కరెంటు దగ్గర పొదుపు చేయొద్దు. స్పిండిల్, షీటును బెడ్‌కు పీల్చి పట్టే వ్యాక్యూమ్ పంపు, పొట్టు లాగే డస్ట్ కలెక్టర్ మూడూ కలిపి ఎన్ని హెచ్‌పీ అవుతుందో లెక్కేసి, మీ మీటరు లోడు చాలకపోతే ముందే పెంచుకోండి. మిషన్‌కు ఎర్తింగ్ గుంత విడిగా తవ్వించండి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మీటరు పెడితే రెండు మూడు వోల్టులకు మించకూడదు, మించితే కంట్రోలర్ ఉన్నట్టుండి ఆగిపోవడం, పని మధ్యలో మిషన్ మొదలుపెట్టిన చోటు (జీరో) తప్పడం లాంటివి మొదలవుతాయి, మీరేమో సాఫ్ట్‌వేర్‌ను తిడుతూ కూర్చుంటారు. స్పిండిల్ డ్రైవ్ (మోటారు వేగాన్ని మార్చే పెట్టె) ద్వారా నడుస్తుంది కాబట్టి బయటి ఫేజుల వరుసతో దానికి పని లేదు. పంపు, డస్ట్ కలెక్టర్ నేరుగా త్రీఫేజ్ మీద నడుస్తాయి కాబట్టి అవి తిరగబడి తిరగొచ్చు, ఒక్క క్షణం ఆన్ చేసి బాణం గుర్తుతో సరిచూడండి. డ్రైవ్ సెట్టింగులన్నీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. 24000 ఆర్‌పీఎం స్పిండిల్‌కు సాధారణంగా 400 హెర్ట్జ్ ఉండాలి, మామూలు మోటారు 50 హెర్ట్జ్ సెట్టింగుతో నడిపితే కాలిపోతుంది.

మొదటిసారి స్పిండిల్‌ను బిట్ లేకుండా 6000, 12000, 18000 అలా మెట్లుమెట్లుగా కాసేపు తిప్పండి. వాటర్ కూలింగ్ అయితే నీళ్లు తిరిగి వస్తున్నాయో లేదో పైపు చివర చూశాకే ఆన్ చేయండి. ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి చూడండి, మిషన్ అంచు దాటకుండా ఆపే ప్రతి లిమిట్ స్విచ్ పనిచేస్తుందో లేదో చూడండి.

తర్వాత మూలమట్టం. సన్నటి వీ బిట్‌తో పాత ఎమ్‌డీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసిన బోర్డు) మీద 1200 బై 2400 దీర్ఘచతురస్రం నాలుగు మూలల్లో చుక్కలు పెట్టించి కర్ణాలు కొలవండి, రెండూ 2683 మి.మీ. రావాలి. కర్ణాల మధ్య 2 మి.మీ. తేడా ఉందంటే 600 వెడల్పు తలుపులో అర మి.మీ. పక్కకు పోతుంది, పక్కపక్కన రెండు తలుపులు బిగించినప్పుడు అది కంటికి కొడుతుంది. సప్లయర్ పంపిన ఇంజినీర్ ఉండగానే ఇది సరిచేయించుకోండి, అతను రైలెక్కాక ఫోన్‌లో ఇది కుదరదు.

ఆఖరున 18 మి.మీ. ఎమ్‌డీఎఫ్ స్పాయిల్‌బోర్డు, అంటే బిట్ బెడ్‌ను కోయకుండా షీటు కింద పరిచే పలక. వ్యాక్యూమ్ బెడ్ అయితే రెండు వైపులా పై పొర అర మి.మీ. చొప్పున తీసేయండి, ఫ్యాక్టరీ నుంచి వచ్చే ఆ గట్టి పొర గాలిని ఆపుతుంది. అంచులకు పెయింటు వేసి మూసేయండి. పై పొర తీశాక వేలు పెట్టి అడ్డంగా రాయండి, గాట్లు మెట్లలా తగిలితే స్పిండిల్ నిలువుగా లేనట్టు, సన్న తేడాను చూపే డయల్ గేజ్ కట్టి సరిచేయాలి. వానాకాలంలో ఎమ్‌డీఎఫ్ ఉబ్బుతుంది, అప్పుడు మళ్లీ ఒక పొర తీయక తప్పదు.

ఇక మొదటి షీటు. రెండు పళ్ల 6 మి.మీ. బిట్, 18000 ఆర్‌పీఎం, పంటికి 0.2 మి.మీ. లెక్కన నిమిషానికి 7200 మి.మీ. వేగం వస్తుంది. భయపడి బాగా తగ్గించకండి, అప్పుడు బిట్ కోయడం మానేసి రుద్దుతుంది, నల్లబడుతుంది. పొట్టును చేతిలోకి తీసుకుని చూడండి, పిండిలా ఉంటే వేగం చాలడం లేదు, చిన్న చిన్న పెచ్చుల్లా ఉంటే బాగున్నట్టే.

వారం నడిచాక కాళ్ల బోల్టులు మళ్లీ బిగించి, కర్ణాలు మళ్లీ కొలిచి, ఆ అంకెలు, తేదీ మార్కర్‌తో కంట్రోల్ బాక్స్ తలుపు లోపలి వైపు రాసిపెట్టండి.