గోస్లార్‌ను గని వైపు నుంచి చూడడం ఎలా

జర్మనీలో హార్జ్ కొండల ఉత్తర అంచున ఉన్న గోస్లార్‌కు వెళ్లేవారిలో చాలామంది రైలు దిగి, చెక్క దూలాల చట్రంతో కట్టిన పాత ఇళ్ల మధ్య మార్కెట్ కూడలిదాకా నడిచి, ఫొటోలు తీసుకుని వెనుదిరుగుతారు. ఊరు అందమైనదే, కానీ ఆ కలిమి ఎక్కడిదో అలా చూస్తే బోధపడదు. కాబట్టి ఊరికి దక్షిణాన ఉన్న రామెల్స్‌బర్గ్ గనికి ముందుగా వెళ్లడం మంచిది.

968 నాటికే గ్రంథస్థమైన ఈ గని 1988లో మూతపడింది. 1992లో పాత పట్టణంతో కలిపి దీనిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వెండి, సీసం, రాగి, జింకు ఇక్కడివే. లోపలికి తీసుకువెళ్లే సందర్శనలు పలు రకాలుగా ఉన్నా, ఒక్కదానికే సమయం ఉంటే 1800 ప్రాంతంలో తవ్విన రోడర్ సొరంగాన్నే ఎంచుకోవాలి. నీటిని తోడడానికీ, ఖనిజాన్ని పైకి లాగడానికీ అమర్చిన భారీ నీటి చక్రాలను కొండ కడుపులో, చీకటిలో చూడడం గని రైలెక్కి తిరగడం కన్నా ఎంతో విలువైనదని నా అభిప్రాయం. వేసవిలోనూ లోపల చలిగానే ఉంటుంది కనుక స్వెట్టర్, పట్టు జారని బూట్లు తప్పనిసరి. వివరణ ఎక్కువగా జర్మన్‌లోనే సాగుతుంది. ఇంగ్లీషు సందర్శన వేళలను ముందే కనుక్కోవాలి.

గని నుంచి బయటికి వచ్చాక చుట్టూ ఉన్న అడవిని కాసేపు పరిశీలించాలి. పూర్వం కట్టెలు పేర్చి నిప్పంటించి, ఆ వేడికి రాతిని పగలనిచ్చి ఖనిజం తీసేవారు. కొలుములకు కట్టెబొగ్గు, సొరంగాలకు దన్నుకర్రలు కూడా ఈ కొండల నుంచే రావలసి ఉండేది. నరికిన చోట త్వరగా పెరిగే, సూదుల్లాంటి ఆకులుండే స్ప్రూస్ చెట్లనే విరివిగా నాటారు. 2018 నుంచి వచ్చిన కరవు ఏళ్లలో బెరడు తొలిచే పురుగుల దాడికి అవి పెద్ద ఎత్తున ఎండిపోయాయి. హార్జ్‌లో కనిపించే బూడిదరంగు మోళ్లు చాలావరకు ఆ పాత అవసరానికి మిగిలిన గుర్తులే.

అక్కడినుంచి నడిచి దిగితే 11వ శతాబ్దంలో పవిత్ర రోమన్ చక్రవర్తి మూడవ హెన్రీ కట్టించిన ప్రాసాదం వస్తుంది. ఆయన దేహం జర్మనీలోని మరో నగరమైన స్పైయర్‌లో ఉండగా, గుండెను ఇక్కడి సెయింట్ ఉల్రిచ్ ప్రార్థనాలయంలో ఉంచారు. పై హాలులోని కుడ్యచిత్రాలు 19వ శతాబ్దపువి. వాటిలో మధ్యయుగం కన్నా ఆనాటి జర్మన్ సామ్రాజ్య గర్వమే ఎక్కువ. మార్కెట్ కూడలికి మధ్యాహ్నం 3 గంటలకో, సాయంత్రం 6 గంటలకో చేరేలా చూసుకుంటే, గంటలు మోగుతుండగా గని చరిత్రను చూపుతూ కదిలే బొమ్మలు కనిపిస్తాయి. ఆ తర్వాత ధనియాలు, ఉప్పు వేసి కాచే స్థానిక గోజె బీరును అక్కడే రుచి చూడవచ్చు.